అమెరికాలో నల్లజాతి వాళ్ళ వెనకబాటుకు కారణం వ్యవస్థా, వాళ్ళ బాధ్యతా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: 2007లో రెండు సూట్‌కేసులతో హెచ్‌1బీ మీద వచ్చారు, ఎవరి సాయమూ లేకుండా కష్టపడి ఇల్లు కొనుక్కున్నారు. ఇప్పుడు కాలేజీలో చదువుతున్న మీ అబ్బాయి థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చి, నల్లజాతి వాళ్ళ పరిస్థితికి మొత్తం వ్యవస్థే కారణం అన్నాడు. ఎవరి బతుకు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది అని మీరన్నారు. భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీరిద్దరూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెప్తున్నారు. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ఇంత తేడా ఎందుకొచ్చింది అని అడిగితే మీ అబ్బాయి చెప్పేదాంట్లోనే ఎక్కువ నిజం ఉంది. ఫలానా మనిషి రేపు పొద్దున లేచి ఏం చేయాలి అని అడిగితే మీరు చెప్పేదే ఎక్కువ పనికొస్తుంది. ఒక ప్రశ్న అడిగితే రెండోదాని జవాబు చెప్పడం వల్లే గొడవంతా.

షికాగోలో తొమ్మిదేళ్ళు ఒక బ్యాంకులో హోమ్ లోన్లు చూశాను. ఆ తర్వాత పదమూడేళ్ళుగా ఒక నాన్‌ప్రాఫిట్‌లో హౌసింగ్ కౌన్సెలర్‌ని. ఇల్లు కొనాలనుకునేవాళ్ళు, ఉన్న ఇల్లు చేజారిపోతున్నవాళ్ళు మా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది నల్లజాతి వాళ్ళే. మొదట్లో నేనూ మీలాగే అనుకునేదాన్ని. నా ఆలోచన మార్చింది పుస్తకాలు కాదు, లోన్ ఫైళ్ళు.

లోన్ ఫైల్లో గిఫ్ట్ లెటర్ అని ఒక కాగితం ఉంటుంది. డౌన్ పేమెంట్‌లో కొంత అమ్మానాన్నలో తాతయ్యలో ఇస్తే, ఈ డబ్బు మేం బహుమతిగా ఇస్తున్నాం, తిరిగి ఇవ్వక్కర్లేదు అని వాళ్ళు సంతకం చేసి ఇచ్చే ఒక్క పేజీ. బ్యాంకులో ఉండగా రోజుకి ఎన్ని చూశానో. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడికి తండ్రి 40,000 డాలర్లు, తాతయ్య ఇంకో 15,000. ఆ కుర్రాడు బాధ్యత లేనివాడు కాదు, చక్కగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. కానీ అదే జీతం, అదే వయసు ఉన్న నల్లజాతి అమ్మాయి ఫైల్లో ఆ కాగితం దాదాపుగా ఉండేది కాదు. ఆమె స్టేట్‌మెంట్లలో దానికి ఎదురు లెక్క కనిపించేది: నెలనెలా అమ్మకి 300, తమ్ముడికి 150. డబ్బు అక్కడ పైతరం నుంచి కిందికి వస్తోంది, ఇక్కడ కింది నుంచి పైకి పోతోంది.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్ళకోసారి కుటుంబాల ఆస్తుల మీద సర్వే చేస్తుంది. 2022 లెక్క ప్రకారం మధ్యస్థ తెల్ల కుటుంబం (ఆస్తి వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉండేది) నికర ఆస్తి 2,85,000 డాలర్లు, మధ్యస్థ నల్ల కుటుంబానిది 44,900. అంటే ఆరు రెట్లకు పైనే. జీతాల్లో తేడా ఉంది గానీ ఇంత లేదు. 2019 సర్వేలో వారసత్వంగా ఏదో ఒకటి అందుకున్నామన్న తెల్ల కుటుంబాలు దాదాపు 30 శాతం, నల్ల కుటుంబాలు 10 శాతం. ఈ తరం వాళ్ళ క్రమశిక్షణ ఒక్కదానితోనే ఇంత తేడా రాదు.

మరి ఆ పాత డబ్బు ఎక్కడ ఆగిపోయింది? మనవాళ్ళలో చాలామంది బానిసత్వం 1865లోనే అయిపోయింది కదా, ఇంకా ఎన్నాళ్ళు అంటారు. ఇళ్ళ విషయంలో అంత వెనక్కి వెళ్ళక్కర్లేదండీ. 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పెట్టి, హోమ్ లోన్లకి ప్రభుత్వం బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. సామాన్యుడు పాతికా ముప్పయ్యేళ్ళ వాయిదాల మీద ఇల్లు కొనగలిగింది దాంతోనే. వేర్వేరు జాతుల వాళ్ళు కలిసి ఉండే చోట ఇళ్ళ విలువ పడిపోతుందని, అలాంటి చోట్లకి బీమా ఇవ్వడం మంచిది కాదని ఆ సంస్థ మాన్యువల్‌లోనే రాసుకున్నారు. దాదాపు అదే కాలంలో ఇంకో ప్రభుత్వ సంస్థ 200కి పైగా నగరాలకి మ్యాపులు గీయించి, నల్లజాతి వాళ్ళుండే పేటలకి ఎర్ర రంగు వేసింది. కొన్ని పేటలకి లోన్లు ఇవ్వకుండా గీత గీయడాన్ని రెడ్‌లైనింగ్ అంటారు, ఆ మాటని అందరూ ముడిపెట్టేది ఆ ఎర్ర రంగుకే. (ఆ మ్యాపులే సర్వస్వం అన్నట్టు మీ అబ్బాయి మాట్లాడితే మాత్రం ఒప్పుకోకండి. అవి అప్పటికే ఉన్న విభజనని కాగితం మీద పెట్టాయి, అసలు దెబ్బ బీమా దగ్గర పడింది అని చాలామంది చరిత్రకారులు అంటారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది.)

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1944లో జీఐ బిల్లు వచ్చింది. చట్టంలో జాతి ఊసే లేదు, కానీ దాన్ని అమలు చేసింది స్థానిక బ్యాంకులు. 1947లో మిసిసిపీలో ఆ పథకం కింద ఇళ్ళకీ పొలాలకీ వ్యాపారాలకీ హామీ దొరికిన 3,229 లోన్లలో నల్ల సైనికులకి వచ్చినవి రెండు. రెండే. అదే యుద్ధం చేసి, అదే యూనిఫాం వేసుకున్నవాళ్ళు. ఇళ్ళ విషయంలో వివక్షని నిషేధించే చట్టం 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చింది. దానికి గట్టి కోరలు 1988 సవరణతో గానీ రాలేదు. అంటే ఇవాళ నా ఎదురుగా కూర్చునే అరవై ఏళ్ళావిడ అమ్మానాన్నలు ఇల్లు కొనాల్సిన వయసులో తలుపులు మూసే ఉన్నాయి. ఎవరి ముత్తాత కథో కాదిది, ఆవిడ నాన్న కథ.

మీ అబ్బాయి పక్షం ఇంతవరకు. ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

తప్పులు అందరూ చేస్తారు. ఒకే తప్పుకి అందరూ ఒకే వెల చెల్లించరు. ఈ చర్చలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉందంటే ఇదే.

కొన్నేళ్ళ కింద ఒకే నెలలో ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ సిటీ బస్సు డ్రైవర్లు, ముప్పై దాటిన మగవాళ్ళు, ఒకరు తెల్ల, ఒకరు నల్ల. ఇద్దరూ తాహతుకి మించిన కారు కొన్నారు, నెలకి 600 పైన వాయిదా. ఇద్దరికీ నడుం నొప్పి వచ్చి కొన్ని వారాలు డ్యూటీకి వెళ్ళలేదు, రెండు వాయిదాలు తప్పాయి. మొదటతను తండ్రికి ఫోన్ చేశాడు. నాలుగు చీవాట్లు పెట్టి, ఆయన 1,900 డాలర్ల చెక్కు రాశాడు. క్రెడిట్ స్కోరు కాస్త తగ్గింది, ఏడాదిలో కోలుకుంది, తర్వాత ఇల్లు కూడా కొన్నాడు, అదీ తండ్రి గిఫ్ట్ లెటర్‌తోనే. రెండో అతనికి ఫోన్ చేయడానికి ఎవరూ లేరు, అమ్మే ఇతని మీద ఆధారపడి ఉంది. పేడే లోన్ తీసుకున్నాడు, అంటే జీతం వచ్చేదాకా గడవడానికి భారీ వడ్డీకి ఇచ్చే చిన్న అప్పు. ఇల్లినాయ్‌లో 2021లో 36 శాతానికి మించి వడ్డీ వేయకూడదని చట్టం వచ్చింది గానీ ఇది దానికి ముందు, అప్పట్లో వడ్డీ మూడంకెల్లో ఉండేది. రెండు వారాలకోసారి పొడిగించుకుంటూ పోయాడు. గోరుచుట్టు మీద రోకలి పోటులా కారుని కూడా పట్టుకుపోయారు. తెల్లవారుజామున నాలుగింటి షిఫ్టుకి డిపోకి వెళ్ళడానికి వేరే దారి లేక షిఫ్టులు పోయాయి. వేలంలో కారు తక్కువకి అమ్ముడై, మిగిలిన బాకీ కూడా ఇతని మెడకే చుట్టుకుంది. మళ్ళీ బ్యాంకు గుమ్మం ఎక్కడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఇద్దరి తప్పూ ఒకటే, ఆ కారు కొనకుండా ఉండాల్సింది. ఆ మాట ఇద్దరికీ మొహం మీదే చెప్పాను. కానీ ఒకరికి ఆ తప్పు 1,900 డాలర్లతో పోయింది, ఇంకొకరికి నాలుగేళ్ళు తినేసింది. నాలుగేళ్ళ తర్వాత ఆ రెండో మనిషిని దూరం నుంచి చూసినవాళ్ళు "చూశారా, డబ్బు జాగ్రత్త లేదు" అంటారు. మొదటివాణ్ణి చూసి "కష్టపడి పైకొచ్చాడు" అంటారు. ఇద్దరి గురించీ చెప్పింది అబద్ధం కాదు, సగం కథ.

నల్లవాళ్ళందరూ పేదవాళ్ళూ కాదు, తెల్లవాళ్ళందరికీ చెక్కు రాసే తండ్రులూ లేరు. పేదరికం ఎక్కువున్న అప్పలాచియా కొండల్లో పుట్టిన తెల్ల పిల్లాడికి కూడా ఇదే వెల పడొచ్చు. కాబట్టి ఇందులో ఎంత భాగం డబ్బుది, ఎంత జాతిది అని మీరు అడగడం న్యాయమే. దానికి నాకు బాగా నచ్చిన జవాబు దేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రయోగం, 2003లో అచ్చయింది. మిల్వాకీలో అన్ని విధాలా ఒకేలా ఉండే కుర్రాళ్ళని చిన్న ఉద్యోగాలకి దరఖాస్తు చేయడానికి పంపింది. కొందరు తమకి డ్రగ్ కేసులో జైలు రికార్డు ఉన్నట్టు చెప్పారు. తెల్లవాళ్ళలో రికార్డు లేనివాళ్ళని 34 శాతం చోట్ల తిరిగి పిలిచారు, రికార్డు ఉన్నవాళ్ళని 17 శాతం చోట్ల. నల్లవాళ్ళలో రికార్డు ఉన్నవాళ్ళని 5 శాతం. ఏ తప్పూ చేయని నల్ల కుర్రాణ్ణి? 14 శాతం. జైలుకెళ్ళొచ్చిన తెల్లవాడి కన్నా తక్కువ. బుద్ధిగా ఉండు, నీ బతుకు నీ చేతుల్లో ఉంది అని నేను ఆ కుర్రాడికి చెప్పేటప్పుడు ఈ అంకె నా గొంతుకి అడ్డం పడుతుంది. అయినా చెప్తాను, ఎందుకంటే 14కీ 5కీ మధ్య ఉన్నది అతని చేతిలోనే ఉంది.

చట్టం కూడా తప్పుకి రెండు రేట్లు కట్టిన రోజులున్నాయి. 1986 డ్రగ్స్ చట్టంలో 5 గ్రాముల క్రాక్‌కీ (గడ్డకట్టించిన కొకైన్) 500 గ్రాముల పౌడర్ కొకైన్‌కీ ఒకే శిక్ష, కనీసం ఐదేళ్ళు. సరుకు ఒకటే, రూపం వేరు. క్రాక్ కేసుల్లో జైలుకి పోయినవాళ్ళలో అత్యధికులు నల్లవాళ్ళు. 2010లో ఆ నిష్పత్తిని 100 నుంచి 18కి తగ్గించారు, సమానం చేయలేదు.

ఇక మన సంగతి, ఎందుకంటే మీ ప్రశ్నకి ప్రాణం అక్కడే ఉంది. "మనం ఏమీ లేకుండా వచ్చి సాధించలేదా?" నొచ్చుకోవద్దు, మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఆ కష్టం నేనూ పడ్డాను. కానీ ఆ రెండు సూట్‌కేసుల్లో ఒకదాంట్లో డిగ్రీ సర్టిఫికెట్ ఉంది. ఆ వీసా కనీసం డిగ్రీ స్థాయి చదువు లేనివాళ్ళకి రాదు. అమెరికాలో ఉన్న భారతీయ సంతతి పెద్దవాళ్ళలో దాదాపు ముప్పావు వంతు మందికి డిగ్రీ ఉంది, అలాంటి జనాభా మన దేశంలోనే లేదు. పరీక్షల్లో తప్పినవాళ్ళు, చదువు మానేసినవాళ్ళు, తాగి చెడిపోయినవాళ్ళు మనలో లేరా? ఉన్నారు, వాళ్ళకి వీసా రాలేదు. వడపోసి తెచ్చిన ఒక గుంపుని, వడపోత లేని మొత్తం జనాభాతో పోల్చి చూసుకుంటున్నాం మనం. నైజీరియా నుంచి వచ్చినవాళ్ళు బాగా పైకొస్తున్నారు కదా, వాళ్ళూ నల్లవాళ్ళే కదా అనే వాదనకి కూడా చాలావరకు ఇదే జవాబు.

ఇంకో మాట. 1923లో, పౌరసత్వం అడిగిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కాదు, పౌరసత్వానికి అర్హులు కాదు అని తేల్చింది. 1946లో కోటా ఇచ్చారు, భారతీయులకి ఏడాదికి 100 మంది. మనకి తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం, అది పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చిన చట్టం. ఓటు హక్కు కోసం ఊరేగింపుగా వెళ్తూ నల్లజాతి వాళ్ళు అలబామాలోని సెల్మా వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్నది కూడా అదే ఏడాది. మీ అబ్బాయికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, మన తరం వాళ్ళలో చాలామందికి తెలీదు.

ఇప్పుడు మీ అబ్బాయి వినాల్సినవి.

తేడా కనబడిన ప్రతిచోటా వివక్షే అనుకుంటే పొరపాటు. 1959లో నల్లజాతి వాళ్ళలో పేదరికం 55 శాతం, 2019లో 18.8. ఏమీ మారలేదు అనేవాళ్ళు, ఆ అరవై ఏళ్ళలో కోట్లమంది చేసిన కష్టాన్ని లెక్కలోంచి తీసేస్తున్నట్టే. కుటుంబం సంగతి ఎత్తడానికి కూడా భయపడక్కర్లేదు. 1965లో నల్లజాతి కుటుంబాల మీద ప్రభుత్వ అధికారి మొయినిహాన్ రాసిన రిపోర్టు ఆ మాట ఎత్తినప్పుడు నల్లజాతి పిల్లల్లో పెళ్ళి కాని తల్లులకి పుట్టినవాళ్ళు దాదాపు నాలుగో వంతు, ఇప్పుడు దాదాపు 70 శాతం. ఒక్క జీతంతో ఇద్దరు పిల్లల్ని పెంచే తల్లి ఎంత క్రమశిక్షణగా ఉన్నా డౌన్ పేమెంట్ కూడదు, ఆ లెక్క వారంవారం నేనే వేసి చూపిస్తుంటాను. అయితే ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం 2018లో చూపించింది ఏంటంటే, ఒకే ఆదాయం ఉన్న, తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్న ఇళ్ళలో పెరిగినా నల్ల మగపిల్లలు పెద్దయ్యాక తెల్ల మగపిల్లల కన్నా తక్కువే సంపాదిస్తున్నారు. చుట్టూ ఉన్న ఇళ్ళలో నల్లజాతి తండ్రులు ఎక్కువగా ఉన్న పేటల్లో, జాతి ద్వేషం తక్కువ ఉన్నచోట ఆ తేడా తగ్గుతోంది. ఒకే పరిశోధన మీ ఇద్దరి వాదననీ సగం సగం నిలబెట్టింది.

అంకెలు చాలు. ఒకావిడ గురించి చెప్తాను.

యాభై దాటిన మనిషి, స్కూల్ క్యాంటీన్‌లో పని. ఇల్లు పన్ను బాకీ కింద పోయేలా ఉందని వచ్చింది. బ్యాగులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన కవర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పదకొండు కవర్లు, కౌంటీ ఆఫీసు నుంచి వచ్చినవి, ఒక్కటీ విప్పలేదు. ఎందుకు విప్పలేదమ్మా అని అడిగితే "విప్పితే మాత్రం కట్టడానికి ఏముంది" అంది.

ఒక్కొక్కటీ చించి తేదీల వారీగా పేర్చాం. ఇల్లు ఇంకా ఆవిడ అమ్మమ్మ పేరునే ఉంది, ఆ పెద్దావిడ పోయింది 1998లో. టైటిల్ మారలేదు కాబట్టి, సొంతింట్లో ఉండేవాళ్ళకి పన్నులో ఇచ్చే మినహాయింపు ఇన్నేళ్ళూ రాలేదు. దానికి తోడు ఇంటి విలువని చుట్టుపక్కల అమ్మకాల కన్నా బాగా ఎక్కువ కట్టారు. షికాగో ఉన్న మా కుక్ కౌంటీలో ఇది ఆవిడ ఒక్కదాని కథ కాదు. చవక ఇళ్ళకి విలువ ఎక్కువా, ఖరీదైన ఇళ్ళకి తక్కువా కడుతున్నారని 2017లో షికాగో ట్రిబ్యూన్, ప్రోపబ్లికా లెక్కలతో సహా బయటపెట్టాయి, మరుసటి ఏడాది అసెసర్ (ఇళ్ళకి విలువ కట్టే అధికారి) పదవి కూడా చేతులు మారింది. అందులో ఎవరో కూర్చుని నల్లవాళ్ళని దోచుకుందాం అనుకున్నారని నేను అనను. అప్పీలు చేసుకుంటే పన్ను తగ్గుతుంది, లాయర్ని పెట్టుకోగలిగినవాళ్ళు చేసుకున్నారు, మిగతావాళ్ళు కట్టారు. వ్యవస్థ అంటే నా అనుభవంలో ఇదే: దుర్మార్గుడు అక్కర్లేదు, ఫారం ఎవరికి తెలుసు ఎవరికి తెలీదు అన్నది చాలు.

మరి ఆవిడ బాధ్యత? ఉంది. పదకొండు కవర్లు ఆవిడవే. మొదటి కవరు ఆ రోజే విప్పి ఉంటే అప్పీలు గడువు ఇంకా ఉంది, తేదీ చూపించి అదే చెప్పాను. జాలిపడి ఆ మాట దాచితే ఆవిడని చిన్నపిల్లని చేసినట్టు. అలాగని నీదే తప్పు అని పంపేస్తే ఇల్లు పోయేది. ఉచిత న్యాయ సాయం చేసేవాళ్ళతో కలిసి టైటిల్ మార్పించడానికి పద్నాలుగు నెలలు పట్టింది, దగ్గరి బంధువులు ఐదుగురు సంతకాలు పెట్టాలి, ఒకాయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు. మినహాయింపు వచ్చింది, వెనకటి కొన్నేళ్ళకి కూడా సరిచేశారు, మిగిలిన బాకీని వాయిదాల్లో కట్టింది. ఇప్పుడు కౌంటీ కవరు వస్తే ఆ రోజే ఫోటో తీసి నాకు పంపుతుంది.

ఈ చర్చ కొత్తది కాదు, నల్లజాతి మేధావులు వందేళ్ళకి పైగా తమలో తాము చేస్తున్నదే. 1895లో అట్లాంటాలో బుకర్ టి. వాషింగ్టన్ ముందు పని నేర్చుకుని నిలదొక్కుకుందాం అన్నాడు, ఆయన్ని గట్టిగా విమర్శించినవాడు సామాజిక శాస్త్రవేత్త డుబోయిస్. అదే డుబోయిస్ ఫిలడెల్ఫియాలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేని 1899లో అచ్చువేసినప్పుడు, చివర్లో నల్లవాళ్ళ కర్తవ్యం అని ఒక భాగం, తెల్లవాళ్ళ కర్తవ్యం అని ఇంకో భాగం రాశాడు. ఒకటి రాసినందుకు రెండోది వదిలేయలేదు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

వ్యవస్థదే తప్పు అని రోజూ వినే పిల్లలు కొందరు ప్రయత్నం మానేయడం నేను చూశాను, "ఎలాగూ లోన్ ఇవ్వరు కదా" అని అప్లికేషన్ కూడా పెట్టని వాళ్ళని ఎంతమందిని బతిమాలానో. అందుకే ఆఫీసులో నా ఎదురుగా కూర్చున్న మనిషితో బాధ్యత గురించే మాట్లాడతాను, బడ్జెట్, కవర్లు, స్కోరు. కౌంటీ బోర్డు ముందు మాట్లాడే అవకాశం వస్తే వ్యవస్థ గురించే మాట్లాడతాను. ఆ రెండు మాటల్నీ చోటు మార్చి, కౌంటీ దగ్గరికెళ్ళి ఆవిడ కవర్లు విప్పలేదని చెప్తే అన్యాయం, ఆవిడతో అసెసర్‌దే తప్పంతా అని చెప్తే ఇల్లు పోతుంది.

ఇంట్లో గొడవ సంగతికొస్తే, వాదనతో ఇది తేలదు. వీటా అని ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) వాళ్ళ కార్యక్రమం ఒకటుంది, తక్కువ ఆదాయం వాళ్ళకి వాలంటీర్లు ఉచితంగా ట్యాక్స్ రిటర్నులు వేసిపెడతారు, జనవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా. కాలేజీ పిల్లలు చాలామంది చేస్తారు, అకౌంటింగ్ తెలియక్కర్లేదు, ట్రైనింగ్ ఇచ్చి పరీక్ష పెడతారు. మీ ఇద్దరూ చేరండి, వీలైతే ఒకే సెంటర్లో. ఒక్క సీజన్ ఆ బల్ల ఇవతల కూర్చుంటే, చెప్పుల పెట్టెలో కాగితాలు కుక్కి తెచ్చేవాళ్ళూ కనబడతారు, మూడు ఉద్యోగాల డబ్ల్యూ2లు (ఏడాది జీతం లెక్క కాగితాలు) వరసగా పిన్ను కొట్టి తెచ్చేవాళ్ళూ కనబడతారు, రిఫండ్ మీద భారీగా ఫీజు కోయించుకుని పోయినేడాది వేరేచోట మోసపోయినవాళ్ళూ కనబడతారు. ట్రైనింగ్ చాలాచోట్ల నవంబరు, డిసెంబరుల్లోనే మొదలవుతుంది, కాబట్టి అబ్బాయి సెలవులు అయిపోయి వెళ్ళేలోపే దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో కనుక్కోండి.